అవసరమేం లేదన్న మనిషి

ముందే ఒప్పేసుకుంటున్నాను: నేను పెంచి రాస్తాను. మా వంటింట్లోకి వచ్చిన బొద్దింక నా వ్యాసంలోకి వచ్చేసరికి మీసాలు దువ్వుకుని, కిర్రుచెప్పులు తొడుక్కుని ఉంటుంది. అపార్టుమెంటులో ఒక పూట నీళ్ళు రాకపోతే నా పేజీలో ఒంటెలు బారులు తీరతాయి. మా ఆవిడ నేను చెప్పేది ఏదైనా నాలుగుతో భాగించుకుని నమ్ముతుంది. ఈ పత్రిక సంపాదకుడు ఆరుతో భాగిస్తాడు. ఆయన నన్ను చిన్నప్పటినుంచీ ఎరుగును.

ఇందులో కూడా పెంచుతాను. చెయ్యి అలా అలవాటుపడిపోయింది. రాబోయే సైడుకారు ఉన్నదానికన్నా చిన్నగా, నా పొట్ట ఉన్నదానికన్నా పెద్దగా కనబడితే కంగారుపడకండి. అయితే ఒకచోట మాత్రం పెంచడం కాదు, ఉత్త అబద్ధం ఆడతాను. అదెక్కడో చివర నేనే చెప్తాను. చెప్పకుండా ఉండగలిగితే బాగుండునని ఇప్పటినుంచే అనిపిస్తోంది.

పోయిన మంగళవారం పొద్దున ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఆడగొంతు.

"సార్, మీరు రాసేవాళ్ళేనా?"

"అప్పుడప్పుడూ" అన్నాను, చమత్కారం ఒలకబోస్తూ.

"మా నాయన ఫోన్లో మీ నంబరు 'రాసే అప్ప' అని ఉండాది సార్. సైడుకారు బండి నడుపుతా ఉండె కదా, ఆయప్ప కూతురిని. నాయన పోయినాడు సార్. ఆదివారం. నిద్రలోనే."

ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తులేదు.

"మీరు ఆయన గురించి రాసిన కాయితం ఒగటి బండి టూల్ బాక్సులో ఉండె సార్. ల్యామినేషన్ చేపిచ్చి పెట్టుకోనుండాడు. మాకెవురికీ తెలుగు చదివేకి రాదు. మాట్లాడేది ఒగటే. అంతా కన్నడ ఇస్కూల్లో చదివినోళ్ళం. అందులో ఏముండాదో వినాలని నాయనకి కడదాకా ఆశ ఉండె. పదకొండో దినం కార్యానికి మీరు బొమ్మనహళ్ళికి వచ్చి, అందరి ముందరా చదివి చెప్పల్ల సార్. ఫోటో పక్కన పెట్టి ఉంటాం దాన్ని."

వస్తానన్నాను. అనక ఏం చేస్తాను?

నా కష్టమేమిటో మీకు విడమర్చి చెప్పక్కర్లేదు. ఆ కాగితం ఈ పత్రికలోనే వచ్చిన నా వ్యాసం. అందులో ఏముందో నాకు తెలుసు, మీకూ తెలుసు. పొట్టలు పట్టుకుని నవ్వామని మెసేజీలు పెట్టింది మీరే కదా.

నాకు ఏభై నిండిన రోజున మా ఆవిడ ఇచ్చిన కానుక ఆ సైడుకారు టూరు. బెంగళూరు వచ్చి ఇరవై రెండేళ్ళయినా, బ్రూక్‌ఫీల్డ్ నుంచి ఆఫీసుకీ, ఆఫీసు నుంచి బ్రూక్‌ఫీల్డ్‌కీ తప్ప ఈ నగరంలో నేను వేరే ఏదీ చూడలేదు. మధ్యలో సిగ్నళ్ళ దగ్గర మాత్రం నా యౌవనమంతా గడిచింది. "ఒక్కసారైనా ఊరు చూడండి" అంది ఆవిడ. అద్దెకారు కాదు, బస్సు కాదు, మోటారుసైకిలుకి పక్కన తొట్టి తగిలించి అందులో మనల్ని కూర్చోబెట్టి తిప్పే ఏర్పాటు. పాత సినిమాల్లో విలన్లు తప్పించుకుపోయే వాహనం.

ఆదివారం పొద్దున ఆరింటికి వచ్చాడు. బండి శబ్దానికి మా వీధిలో కుక్కలు ముందు మొరిగాయి, తరవాత లెంపలేసుకున్నాయి. బండి మీద మనిషి బక్కపలచన. అరవై దాటి ఉంటాయి. తలకి మంకీక్యాపు, దాని మీద హెల్మెట్టు, దాని మీద పాతకాలపు పైలట్ కళ్ళద్దాలు. ముగ్గురు మనుషులు పెట్టుకోవలసిన సామాను ఒక తల మీద మోస్తున్నాడు. చేతి గడియారం మాత్రం మణికట్టు లోపలి వైపుకి తిప్పి కట్టుకున్నాడు, టైము తనక్కూడా కనబడకూడదన్నట్టు.

దిగి, సైడుకారులోంచి ఓ ఇసక మూటని పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తి, మా వాచ్‌మన్ కుర్చీ పక్కన పడుకోబెట్టాడు.

"పాపని చూసుకోప్పా. మళ్ళీ వచ్చి ఎత్తుకొంటా."

వాచ్‌మన్ నిజంగానే వంగి చూశాడు. నేనూ చూశాను. ఆయనే చెప్పాడు: "తొట్టె కాలీగా ఉంటే ఎడమకి తిప్పేతప్పుడు లేచిపోతాదప్పా. బరువుండల్ల. ఎవురూ లేనప్పుడు పాప పండుకోనుంటాది." తరవాత నన్ను పైనుంచి కిందికి, కిందినుంచి పైకి తూకం వేశాడు. "నువ్వుండావు కదా. ఇంగ పాప అక్కర లేదు."

మా ఆవిడ నవ్వాపుకోవడానికి హెల్మెట్టు పెట్టేసుకుంది.

ఇక్కడ రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు, అందుకే ఇంత దూరం వచ్చింది. ఒకటి, ఆయన నన్ను 'నువ్వు' అన్నాడు. మా ఊరు గుడివాడలో నన్ను 'నువ్వు' అన్నవాళ్ళు ఇద్దరే, మా నాన్నా మా లెక్కల మాస్టారూ. ఇద్దరూ చేతిలో బెత్తంతో అన్నారు. ఈయన 'అప్పా' చేర్చి అన్నాడు. ఆ 'అప్పా'లోనే మీరూ, గారూ, అండీ అన్నీ ఉన్నాయని నాకు తెలియదు. నేను అప్పుడే మనసులో ముడుచుకున్నాను. రెండు, ఫలానాది కావాలనో వద్దనో చెప్పడానికి ఆయన వాడిన మాట 'అక్కర'. చెవులుండీ వినలేదు.

మా ఆవిడ బండి వెనకసీటు ఎక్కింది. సైడుకారులో నన్ను దించడం ఒక ఘట్టం. ముందు కాళ్ళు వెళ్ళాయి. తరవాత చాలాసేపు ఏమీ వెళ్ళలేదు. ఆయన నా భుజాల మీద చేతులేసి, సూట్‌కేసు మూసేవాడిలా నొక్కాడు. "అట్ల. ఇంగ నువ్వు, తొట్టె ఒగటే. నేను ఇట్ల మూడుతూర్లు కొడితే ఎడమకి ఒంగు" అని సైడుకారు అంచుని అరచేత్తో మూడుసార్లు తట్టి చూపించాడు. ఆ రోజంతా ప్రతి ఎడమ మలుపు ముందూ ఆ మూడు దెబ్బలు పడ్డాయి. నేను ఒంగాను. నేల నాకు జానెడు దూరంలో ఉండేది. గుంతల్ని అంత దగ్గరగా చూసినవాణ్ణి ఈ నగరంలో నేనొక్కణ్ణే. కొన్నిట్లో కప్పలు నన్ను గుర్తుపట్టాయి కూడా.

మొదట లాల్‌బాగ్ దగ్గర ఆపాడు. గేటు పక్కన బండి ఆపి, ఇంజను కట్టేసి, హెల్మెట్టు తీసి సైడుకారు ముక్కు మీద బోర్లించాడు. నేను పైకి లేచే ప్రయత్నం మొదలుపెట్టి, మర్యాదకి అడిగాను:

"దిగమంటారాండీ? గబగబా చూసొచ్చేస్తాం."

"అవసరమేం లేదప్పా" అన్నాడు. అని, వెళ్ళి ఫుట్‌పాతు గట్టు మీద కూర్చున్నాడు. తోట వైపు కాదు, తోటకి వీపు పెట్టి, మా వైపు మొహం పెట్టి.

నేను మళ్ళీ తొట్టెలో కూలబడ్డాను. అవసరం లేదట! డబ్బు పుచ్చుకుని ఊరు చూపించే మనిషి చూడనవసరం లేదంటున్నాడు. సరే, బండి ఎక్కి పోనిస్తాడనుకున్నాను. పోనివ్వడు. కూర్చుని మా మొహాల్లోకి చూస్తున్నాడు, చిరునవ్వుతో. మేము ఆయన మొహంలోకి చూస్తున్నాం. దిగనివ్వడు, కదలడు. నలభై నిమిషాలు. పొద్దున్నే నడవడానికి వచ్చిన పెద్దమనుషులు ఒక చుట్టు పూర్తిచేసి మళ్ళీ వచ్చి, నేనింకా తొట్టెలోనే ఉండటం చూసి, కదల్లేని రోగిననుకుని జాలిపడ్డారు. ఒకావిడ నాకు అరటిపండు ఇచ్చింది.

(అరటిపండు సంగతి పెంచాను. జాలిపడిన మాట నిజం.)

చివరికి నేనే "వెళ్దామాండీ" అన్నాను. ఆయన మొహం కొంచెం చిన్నబోయింది. "అంతేనా? సరే అప్పా" అని లేచాడు. ఆ చిన్నబోవడాన్ని నేను పొగరని రాశాను.

బసవన్నగుడి దగ్గరా అదే తంతు. "త్వరగా దణ్ణం పెట్టుకొచ్చేస్తామండీ." "అవసరమేం లేదప్పా." దేవుడికి దణ్ణం పెట్టడం కూడా అనవసరమేనా! విధానసౌధకి ఎదురుగా రోడ్డు పక్కన ఆపినప్పుడు "టైమవుతోందేమో, ఒక ఫోటో దిగొచ్చా?" అంటే, "అవసరమేం లేదప్పా" అని అంత భవనానికీ వీపు తిప్పి కూర్చున్నాడు. నేను ఉండబట్టలేక అడిగాను:

"మీరెప్పుడూ అటు చూడరేమిటండీ?"

"నేను చూసినాను కదప్పా, అరవై ఏండ్లుగా. ఇప్పుడు చూసేవాళ్ళని చూస్తాను. కొత్తగా చూసేవాళ్ళ మొగాలు బాగుంటాయి." చేతి గడియారాన్ని తట్టాడు. "బొమ్మసంద్ర ఫ్యాక్టరీలో లేత్ మిషను మీద ముప్పై ఏండ్లు చేసినానప్పా. పొద్దున లేస్తే అవసరం, తినేకి అవసరం, ఉచ్చకి పోయేకి అవసరం. సైరను కొడితే ఉరికేది. ఆ అవసరంలోనే నా పెండ్లాం పోయింది, ఆయమ్మతో తిన్నగా కూకొని మాట్లాడింది లేదు. ఇంగ చాలప్పా. ఇంగ నాకు అవసరమేం లేదు."

నాకేం వినబడిందంటే: ముప్పై ఏళ్ళు అవసరాల్లో బతికాను, ఇప్పుడు నాకెవరి అవసరమూ లేదు. భార్య పోయిన మాట కూడా ఆ వాక్యంలోనే ఉంది. నేను దాన్ని దాటేసి, ముక్తాయింపుకి పనికొచ్చే ముక్కని మాత్రం జేబులో వేసుకున్నాను.

మా ఆవిడ నాలుగోచోటికి వచ్చేసరికి నన్నొదిలేసి దిగిపోయింది. అలసూరు చెరువు గట్టున అరగంట నిలబడింది. ఆయన గట్టు మీద కూర్చుని, ఆవిడ చూసే నీళ్ళని కాదు, ఆవిడ మొహాన్ని, తన సొంత చెరువుని ఆవిడ మెచ్చుకుంటున్నట్టు చూసి మురిసిపోయాడు. "చూసుకో అమ్మణ్ణీ, చూసుకో" అన్నాడు. నేను తొట్టెలోనే ఉన్నాను. అవసరం లేదన్నాక దిగడానికి మాకూ పౌరుషం ఉంటుంది కదా.

ఇంటికొచ్చాక మా ఆవిడ అంది: "మొహం చూస్తే వద్దనే మనిషిలా లేడండీ. ఆ మాటకి ఇంకేదో అర్థం ఉండుంటుంది. రాసే ముందు ఒకసారి అడగండి."

"అడిగితే హాస్యం పోతుంది" అన్నాను.

ఈ ఒక్క మాటనీ నేను పెంచలేదు, తగ్గించలేదు. అక్షరాలా ఇదే అన్నాను.

వ్యాసం వచ్చింది. 'అవసరంలేని నగరం' అని పేరు పెట్టాను. లాల్‌బాగ్ అనవసరం, బసవన్న అనవసరం, విధానసౌధ అనవసరం. ఈ నగరంలో అవసరమైనది ఒకటే, ఇసక మూట. ఆయన యాసని మక్కీకి మక్కీ దించాను, కాదు, ఉన్నదానికి రెట్టింపు చేశాను. మా ఆవిడ తీసిన ఫోటో కూడా వేయించాను: మూడు తొడుగుల తలతో, సైడుకారు మీద చెయ్యేసి, నిటారుగా నిలబడి, కెమెరా వైపు పెళ్ళికొడుకులా చూస్తూ ఆయన. మీకు తెగ నచ్చింది. మా అపార్టుమెంటు గ్రూపులో కాఫీ కావాలా అంటే 'అవసరమేం లేదప్పా', పార్టీకొస్తారా అంటే 'అవసరమేం లేదప్పా'. ఓ రెండు నెలలు బ్రూక్‌ఫీల్డ్‌లో నేను మామూలు మనిషిని కాను.

తరవాత ఒక సాయంత్రం దోసెల పిండి ప్యాకెట్టు పట్టుకుని లిఫ్టు వైపు పరిగెడుతున్నాను. తలుపు మూసుకుపోతోంది. లోపల ఆరో అంతస్తు కన్నడావిడ కాలు అడ్డంపెట్టి తలుపు ఆపి, నవ్వుతూ అంది:

"అవసర ఇల్లా సార్! నిధాన, నిధాన బన్ని."

నేను రొప్పుతూ లోపలికెక్కి, నా ధోరణిలో జోకేశాను: "అవసరం లేకపోవడమేమిటండీ, ఇంట్లో దోసెలు పోయాలి కదా!"

ఆవిడకి అర్థం కాలేదు. తరవాత అర్థమైంది. ఆవిడకి కాస్త తెలుగు వచ్చు. "ఓ, మీ తెలుగులో వేరేనా సార్? మాకు అవసర అంటే హర్రీ. తొందర. తొందర ఏమీ లేదు, మెల్లిగా రండి అన్నాను."

లిఫ్టు పైకి పోయింది. నేను ఒక్కణ్ణే ఎక్కడికో కిందికి పోయాను.

తొందరేం లేదప్పా. లాల్‌బాగ్ దగ్గర గట్టు మీద కూర్చుని ఆయన అన్నది అదీ. గబగబా చూసొచ్చేస్తామంటే, తొందరేం లేదు, నిదానంగా చూసుకో, నేనిక్కడ కూర్చుంటాను అని. దణ్ణం పెట్టుకోవడానికి తొందరేం లేదు. ఫోటోకి తొందరేం లేదు. నలభై నిమిషాలు ఆయన కూర్చున్నది నేను దిగుతానని. నేను కూర్చున్నది ఆయన కదులుతాడని. ఇద్దరం తెలుగులోనే. ముప్పై ఏళ్ళు సైరనుకి పరిగెత్తినవాడు ముసలితనంలో సంపాదించుకున్న ఒకే ఒక్క వైభోగం తొందర లేకపోవడం. దాన్ని వచ్చినవాళ్ళందరికీ పంచిపెడుతుంటే, నేను దానికి తోక తగిలించి ఊరేగించాను.

పిండి ప్యాకెట్టు లిఫ్టులోనే మర్చిపోయాను. ఆవిడే తెచ్చిచ్చింది.

మళ్ళీ టూరు బుక్ చేశాను, ఒక్కడికే. మా ఆవిడని రమ్మంటే రానంది. "ఫోటోలకి కాదుగా వెళ్తోంది. మీరే వెళ్ళి చెప్పి రండి" అంది.

ఆయన నన్ను చూడగానే రెండు చేతులూ చాపాడు. "రాసే అప్ప వచ్చినాడే!" ఇసక పాపని దించుతూ వాచ్‌మన్‌కి చెప్పాడు, లాల్‌బాగ్ ముందు టీ కొట్టాయనకి చెప్పాడు, టీ తాగుతున్న ఇద్దరు అపరిచితులకి కూడా చెప్పాడు: "ఈయప్పే నన్ను పేపర్లో రాసింది. ఫోటో కూడా ఏసినారు." నేను టీ గ్లాసులో మునిగిపోగలనేమోనని చూశాను. గ్లాసు చిన్నది.

"నువ్వు రాసిన దెసనుంచి తెలుగోళ్ళు శానా మంది వస్తా ఉండారప్పా" అన్నాడు. "నన్నే కావాలని అడిగి వస్తా ఉండారు. ఓనరుకి సంతోషం."

ఆ రోజు నేను బండి దిగాను. లాల్‌బాగ్ లోపలికి వెళ్ళి, నిదానంగా, పేరు తెలియని చెట్ల కింద చాలాసేపు నిలబడి, తిరిగి వచ్చి గట్టు మీద ఆయన పక్కన కూర్చున్నాను. చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆయనే ముందు మొదలుపెట్టాడు.

"ఒగటి అడగల్లని ఉండాదప్పా. ఏమీ అనుకోవద్దు."

"అడగండి."

"ఇప్పుడొచ్చే తెలుగోళ్ళు, నేను 'అవసరమేం లేదు' అంటే చాలు, పకపకా నగతారు. వాళ్ళలో వాళ్ళు చేతులు కొట్టుకుంటారు. ఒగాయప్ప ఫోన్లో వీడియో పట్టినాడు. 'ఇంగోతూరి అను తాతా, ఇంగోతూరి' అనె. అన్నాను. ఐదుతూర్లు అన్నాను. ఎవురూ బండి దిగరప్పా. నాతో ఒగ ఫోటో ఎత్తుకుంటారు, పోదాం పోదాం అంటారు. ఏమీ చూడరు." గడియారం పట్టీని కాసేపు సవరించుకున్నాడు. "నా తెలుగులో ఏమన్నా తప్పుండాదా అప్పా? మాయమ్మ మాట్లాడిందే నేను మాట్లాడేది. ఆయమ్మకి వేరే భాషే రాకుండె. ఇప్పుడు తెలుగోళ్ళొస్తే నేను ఇంగ్లీషులో 'టేక్ టైమ్, టేక్ టైమ్' అంటా ఉండా. నోరు తిరగదు. అయినా అంటా ఉండా."



ఆయన లేచి టూల్ బాక్సు తెరిచి, స్పానర్ల కింద నుంచి ఆ పేజీ తీశాడు. బ్రూక్‌ఫీల్డ్ కుర్రాడెవడో ఇచ్చాడట. బొమ్మనహళ్ళిలో ల్యామినేషన్ చేయించాడు. దాని మీద ఒక్క గ్రీజు మరక లేదు.

"వచ్చినోళ్ళని ఇది చదివి చెప్పమని అడిగినానప్పా. చదువుతారు, నగతారు, 'బాగా రాసినాడు తాతా' అంటారు, ఇచ్చేస్తారు. ఒగరూ బయటికి చదవరు. ఇంట్లో బిడ్డకీ రాదు. రాసినోడివి నువ్వే వచ్చినావు. చదివి చెప్పు."

నేను కాగితం అందుకున్నాను. కళ్ళజోడు పెట్టుకున్నాను. చదివాను.

అచ్చులో ఉన్నది కాదు. లేనిది చదివాను. 'ఈ నగరంలో అందరికీ తొందరే. సిగ్నలుకి తొందర, లిఫ్టుకి తొందర, చావడానికి కూడా తొందర. తొందర లేని మనిషిని ఒక్కణ్ణే చూశాను. ఆయన మిమ్మల్ని ఎక్కడికైనా తీసుకెళ్ళి, ఇంజను కట్టేసి, నిదానంగా చూసుకోమంటాడు. మీరు చూస్తుంటే మిమ్మల్ని చూసి సంతోషిస్తాడు. ఆయన అమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగు మాట్లాడతాడు. ఆ తెలుగులో తప్పులేదు. మా చెవుల్లో ఉంది.' పేరాలు పేరాలుగా చదివాను. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ రాయలేదు. ఆయన హెల్మెట్టు మోకాళ్ళ మీద పెట్టుకుని, తల వంచుకుని విన్నాడు. చివర్లో, "మంచిదే రాసినావు కదప్పా. మరి ఏల నగతారు?" అన్నాడు. "సంతోషం పట్టలేకండీ" అన్నాను. ఆయన తల ఊపి, ఆ కాగితాన్ని దీపం ఆర్పకుండా పట్టుకున్నట్టు పట్టుకుని పెట్టెలో పెట్టాడు. తరవాత చాలాసేపు ఇద్దరం లాల్‌బాగ్‌కి వీపు పెట్టి కూర్చుని, లోపల్నుంచి బయటికొచ్చేవాళ్ళ మొహాలు చూశాం. నిజంగానే బాగున్నాయి.

ఇదీ ఆయన గురించి నాకు తెలిసింది. పుట్టిన ఊరేదో, తోబుట్టువులెందరో, ఏం తినేవాడో నాకు తెలియదు. మూడు దెబ్బలు, లోపలికి తిప్పిన గడియారం, గట్టు మీద కూర్చున్న వీపు. ఇంతే.

కార్యం బుధవారం. వెళ్తున్నాను. మా ఆవిడ కూడా వస్తానంది. అక్కడ ఫోటో పక్కన పెట్టిన ఆ పేజీ తీసుకుని, అచ్చులో ఏముందో అదే చదువుతాను. నవ్వొచ్చే చోట గొంతు పెంచను, సిగ్గేసే చోట తగ్గించను. చదివాక, అవసరం అనే మాట దగ్గర తప్పు చేసింది ఆయన కాదని, ఆయన కూతురికీ, ఆ వచ్చిన అందరికీ చెప్తాను. వాళ్ళు ఏమంటారో, ఏమీ అనకుండా లేచి లోపలికి వెళ్తారో నాకు తెలియదు. మీరిది చదివేసరికి అదీ అయిపోయి ఉంటుంది. మీలో ఎవరైనా ఆ బండెక్కి 'ఇంగోతూరి అను తాతా' అన్నవాళ్ళుంటే, నాతోపాటు మీరూ కాసేపు తల వంచుకోండి. పెద్ద వాటా నాదే.

ఇక ఆ అబద్ధం.

జాగ్రత్తగా చదివేవాళ్ళకి నేను ఎప్పుడో దొరికిపోయి ఉంటాను. ఆయన కూతురు మొదట్లోనే చెప్పింది: అందులో ఏముండాదో వినాలని నాయనకి కడదాకా ఆశ ఉండె. విన్నవాడికి ఆశ ఎందుకుంటుంది?

నేను చదవలేదు. ఉన్నదీ చదవలేదు, లేనిదీ చదవలేదు. ఆ పేరాలు నిన్న రాత్రి కల్పించాను. ఆ రోజు ఆయన కాగితం నా చేతికిచ్చి, గట్టు మీద నా పక్కన సర్దుకుని, వినడానికి మంకీక్యాపు చెవుల మీంచి పైకి లాక్కున్నాడు. నేను చొక్కా జేబు తడుముకున్నాను. ప్యాంటు జేబులు తడుముకున్నాను. "అయ్యో, కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయి వచ్చానండీ. ఈసారి వచ్చినప్పుడు తప్పకుండా" అన్నాను.

కళ్ళజోడు నా నుదుటి మీద ఉంది.

ఆయన దాన్ని చూశాడు. ఎక్కువసేపేమీ చూడలేదు. నా చేతిలోంచి కాగితం తీసుకుని, చొక్కా చేతితో ఒకసారి తుడిచి, స్పానర్ల కింద పెట్టి, పెట్టె మూశాడు.

"అవసరమేం లేదప్పా" అన్నాడు.

ఆ మాట అన్నాక ఎప్పుడూ వెళ్ళి గట్టు మీద కూర్చునేవాడు. ఆ రోజు హెల్మెట్టు పెట్టుకుని, బండి స్టార్టు చేశాడు.